ప్లంబరు చూస్తున్నాడు

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. ముక్కూ మొహం తెలియనివాడెవడో తన కూతురి ఫొటోలు చూస్తూ కూర్చుంటాడని. ఇప్పుడా భయానికి ముక్కూ మొహం కూడా వచ్చాయి.

"ఇదిగో చూడండి, మళ్ళీ వాడే మొదట," అంటూ ఫోన్ మొగుడి కళ్ళముందు పెట్టింది.

పొద్దుట్నుంచీ బస్సు నడిపి వచ్చిన మనిషి. ఒక బూటు విప్పాడు, రెండోది విప్పే ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాడు. "ఎవడు?"

"ప్లంబరు. చిట్టి పన్నూడిన ఫొటో స్టేటస్‌లో పెట్టి ఇలా పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చానో లేదో చూసేశాడు. మా అమ్మ కూడా ఇంకా చూడలేదు."

"పెట్టేది చూడటానికేగా."

"మనవాళ్ళు చూస్తారని పెట్టాను. సింకు కింద పైపు మార్చి పోయినవాడికి మన పిల్ల పన్నుతో ఏం పని?"

"ఊరంతా చాటింపు వేయించి, ఫలానావాడు చెవులు మూసుకోవాలంటే ఎలాగే?" రెండో బూటు లేసు ముడిపడింది. లాగి లాగి వదిలేశాడు. "మనమేమన్నా రాజులమా, జమీందార్లమా? మనింట్లో దాచుకోడానికి ఏముందని?"

"పిల్ల ఉంది," అంది.

అతను ఒక కాలికి బూటుతోనే కళ్ళు మూసుకున్నాడు.

వదినకి ఫోన్ చేసింది. వదిన మొబైల్ షాపులో పనిచేస్తుంది. ఫోన్ల సంగతి ఏదడిగినా తడుముకోకుండా చెబుతుంది.

"దానికింత బాధెందుకు? వాడికి కనపడకుండా ఒక్క నొక్కు నొక్కు, పీడా పోతుంది."

"ఇన్నాళ్ళూ చూసినవో వదినా? అవన్నీ దాచుకునుంటే? నేను తప్పించానని తెలిసి కక్ష కడితే? ఇల్లు కూడా చూసి వెళ్ళాడు."

"తల్లీ, నీ బుర్రలో పైపు పగిలింది. ముందు దానికి ప్లంబర్ని పిలు," అని నవ్వి పెట్టేసింది.

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. కన్నదానికి తెలుస్తుంది. అయినా ఆమె చేతులు ముడుచుకుని ఏం కూర్చోలేదు. వాడు మనల్ని చూస్తుంటే మనం వాణ్ణి కనిపెట్టుకుని ఉండొద్దా అని, చాలా రోజులుగా అతని స్టేటస్‌లు ఒక్కటీ వదలకుండా చూస్తోంది. మొగుడికి చెప్పలేదంతే.

ఆమె పని లాండ్రీ కౌంటర్లో, వచ్చిన బట్టలకి గుర్తుచీటీలు కట్టడం. ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో ఫోను. పగిలిన పైపులు, కొత్త కుళాయిలు, మధ్యమధ్యలో ఒక పిల్లాడు. బకెట్లో కూర్చుని, స్కూటరు మీద నిద్రపోతూ. ఆ ఫొటోలు పెద్దవి చేసి మరీ చూసేది, తండ్రి దుర్మార్గం కొడుకు మొహంలోనైనా బయటపడుతుందేమోనని. సొట్టబుగ్గలు తప్ప ఏమీ బయటపడలేదు. మంచివాడేనేమో అనుకునేది. దొంగలకి మాత్రం పిల్లలుండరా అని మళ్ళీ అనుకునేది. అటూ ఇటూ అనుకోవడంతోనే సరిపోయేది, కంటిమీద కునుకు లేదు. చీటీలు తారుమారై ఒకరి చొక్కాలు ఇంకొకరి ఇంటికి చేరాయి. ఓనరమ్మ చివాట్లు పెడితే తలొంచుకుని విని, ఆవిడ అటు తిరగ్గానే మళ్ళీ ఫోను చూసింది.

అప్పుడు కనపడింది. "ఈరోజు పని బేకరీ వెనక స్కూల్లో. చుట్టుపక్కల లీకులుంటే ఫోన్ చేయండి."

అది చిట్టి చదివే స్కూలు.

చేతిలో చొక్కా అక్కడే పడేసి పరిగెత్తింది. దారిలో చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది. స్కూలు వెనక కుళాయిల దగ్గర చిట్టి సీసా పట్టుకుని నిలబడి ఉంది. దాని పక్కనే ప్లంబరు మోకాళ్ళ మీద కూర్చుని కుళాయి బిగిస్తున్నాడు.

పిల్లని ఒక్క లాగు లాగి తన వెనక్కి తోసుకుంది.

"ఏమయ్యా, నా కూతురితో నీకేం పని? రోజూ దాని ఫొటోలు ఎందుకు చూస్తున్నావు?"

అతను రెంచి కింద పెట్టాడు. "ఏ ఫొటోలమ్మా? ఎవరు మీరు?"

"నీ ఫోన్లోంచే చూస్తున్నావు. నా దగ్గర కనపడుతూనే ఉంది."

అతను జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన బటన్ల ఫోను తీసి చూపించాడు. "నా దగ్గరున్నది ఇదొక్కటేనమ్మా. నీళ్ళలో పని కదా, పెద్ద ఫోను ఒకసారి ట్యాంకులో పడేసుకున్నాక దాన్ని ఇల్లు కదలనివ్వట్లేదు. పిలిచేవాళ్ళతో మాట్లాడేది, ఫొటోలు పెట్టేది, చూసేది, అన్నీ మా ఆవిడే. ఎవరింటికి వెళ్ళాలో దీంట్లో నాకు చెబుతుంది."

ఆమె తెగిన చెప్పు కింద పడేసింది. ఆడమనిషా. తనలాగే పిల్లాడి తల్లి. చిన్నపిల్లల ఫొటోలు కనపడితే ఎవరాగుతారు? పోయిన నిద్రంతా ఒక్కసారే కళ్ళమీదికొచ్చి, కుళాయి గట్టుమీద కూర్చుండిపోయింది. నవ్వు కూడా వచ్చింది.

"ఏమనుకోకన్నా. మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు. మాది మూడో అంతస్తు. సింకు కింద పైపు మార్చావు చూడు, ఆ ఇల్లు."

అతను నవ్వలేదు. లేచి నిలబడి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఫోన్లో 'మూడో అంతస్తు లీకు' అని పేరు పెట్టుకున్నది మీ నంబరేనా?" అన్నాడు. "మా బాబు ఫొటో పెట్టీ పెట్టగానే చూసేది మీరేనా? ఎవరో ఏమిటో, మా వాడి మీద కన్నేశారని, మీరెప్పుడేం చేస్తారో కనిపెట్టడానికే మా ఆవిడ మీవి చూస్తోంది. వాణ్ణి బడి మాన్పించి, తలుపు గడియ పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంది."

మీలో ఎవరైనా అటు వెళితే ఒకసారి ఆ తలుపు తట్టి, తల్లీబిడ్డా ఎలా ఉన్నారో చూసి రండి. ఈమె తడితే తియ్యరు.