మూడు గంటలదాకా

రెండో రాయికి కారు ముందు అద్దం పగిలి, ముక్కలు ముక్కలుగా వాళ్ళ ఒళ్ళో పడింది.

"వంగండి మేడం!" గార్డు ఆమె తల పట్టుకుని సీటు కిందికి నొక్కేశాడు. "ఏం మాట్లాడకండి. కుట్లు తెగితే మళ్ళీ ఆస్పత్రే."

ఆమె తలూపింది. పోస్టర్లలో కనబడే అదే నీలం కోటు. నుదుటి నుంచి గడ్డం దాకా తెల్ల కట్టు, మధ్యలో రెండు కళ్ళు. కిందటి వారం సభలో వేదిక మీదికి సీసా విసిరారనీ, దవడ చీలి పదకొండు కుట్లు పడ్డాయనీ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అప్పటికి గానీ పై అధికారులకు మెలకువ రాలేదు. వచ్చి, ఒక గార్డును పంపారు. ఒక్కణ్ణే. పొద్దున తొమ్మిదింటికి లాఠీ పట్టుకుని డ్యూటీలో చేరాడు.

"ఈ మార్కెట్ రోడ్డు వద్దని చెప్పానా లేదా?" గార్డు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. "ఎన్నికల ఆఫీసుకు వెనక దారి ఉందిగా!"

"ఇదే దగ్గర కదండీ," అన్నాడు డ్రైవరు. ఆయన ఆమెకు సొంత బాబాయి. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో బండి తోలుతున్న మనిషి.

ఆమె ఒళ్ళో ఫైలుంది. టైము రెండూ ఇరవై. మూడింటిలోపు నామినేషన్ పడకపోతే మున్సిపల్ ఛైర్మన్ నాలుగోసారి కూడా పోటీ లేకుండా గెలిచినట్టే. ఇంతకుముందు పోటీ చేద్దామనుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయాడు. రెండోవాడు ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు.

అటూ ఇటూ కొట్ల షట్టర్లు టపటపా పడిపోయాయి. చూసేవాళ్ళకు మాత్రం లోటు లేదు, సందుల్లోంచి.

ఛైర్మన్ మనుషులు పదిహేను మంది వచ్చారు. ముందు నడుస్తున్నవాణ్ణి ఊరంతా రోలర్ అంటారు. వాడు నడిచిన దారిలో ఏదీ నిలబడి ఉండదని ఆ పేరు. చేతిలో ఇనప రాడ్డు.

"ఏమ్మా, మైకు దొరికితే వదలవుగా! ఇప్పుడు నోరు పెగలట్లేదేం?" అన్నాడు. "ఆ ఫైలిచ్చేసి ఇంటికి పో. నీ జోలికి మేం రాం."

ఆమె ఫైలును గుండెలకు హత్తుకుంది.

గార్డు కిందికి దిగి, ఆమె పక్క తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మొదటివాడి మోకాలు లాఠీతో చితక్కొట్టాడు. రెండోవాడి భుజం ఎముక చిట్లిన చప్పుడు కారులోకి వినిపించింది. మూడో దెబ్బకు లాఠీ విరిగింది. మిగిలిన ముక్కతోనే పొడిచాడు. చెవి తెగి కాలరంతా రక్తం. అయినా తలుపు వదల్లేదు. ఈలోగా బాబాయిని బయటికి లాగి, తల పట్టుకుని బానెట్‌కేసి రెండుసార్లు కొట్టారు. ఆయన చక్రం పక్కన కూలిపోయాడు.

రోలర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఫోను తీశాడు. "ఒరేయ్, ఆఫీసు గేటు దగ్గర ఎంతమంది ఉన్నార్రా? అందరూ ఇటు రండి. పిట్ట ఇక్కడుంటే అక్కడ గూటికి కాపలా దేనికి?"

ఆ మాట విన్నాక ఆమె లోపలి నుంచి తలుపు పిడిని మరింత గట్టిగా పట్టుకుంది.

మోటారు సైకిళ్ళ మీద ఇంకో ఎనిమిది మంది దిగారు. ఇక గార్డు ఎంతసేపు ఆగుతాడు? కింద పడేసి పక్కటెముకల మీద బూటుకాళ్ళతో తన్నారు. తలుపు ఊడి వచ్చింది. జుట్టు పట్టి ఆమెను రోడ్డు మీదికి ఈడ్చారు. గాజు పెంకులు మోచేతుల్లో దిగాయి.

ఆమె ఫైలు మీద బోర్లా పడుకుంది.

రాడ్డు ఎడమ చేతి మీద పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు విరిగిన సంగతి నొప్పికంటే ముందు చప్పుడు చెప్పింది. పళ్ళు బిగబట్టింది. అరుపు గొంతులోనే నొక్కేసుకుంది. చచ్చిపోతానేమోనని భయం వేసింది, మామూలు భయం కాదు. కూతురు బడి నుంచి వచ్చే వేళ. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

మూడు గంటలదాకా, అనుకుంది. మూడు గంటలదాకా.

చివరికి ముగ్గురు కలిసి ఆమెను వెల్లకిలా తిప్పి ఫైలు లాక్కున్నారు. అప్పటికి పది తక్కువ మూడు. రోలర్ బానెట్ మీద కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే తీసి, తీరిగ్గా చింపాడు.

"తొందరేముందిరా, మూడయ్యేదాకా ఇక్కడే కూర్చుందాం. ఈవిడ మొండిది. లేచి పరిగెత్తినా పరిగెత్తుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు.

మూడైంది. "ఏకగ్రీవం!" అని కేకలు పెట్టుకుంటూ బళ్ళెక్కి వెళ్ళిపోయారు.

బాబాయి మూలుగుతున్నాడు. ప్రాణం ఉంది. గార్డు మోచేతుల మీద పాకుతూ ఆమె దగ్గరికొచ్చాడు. అన్ని తన్నులు తిన్నప్పుడు ఏడవనివాడు ఇప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"క్షమించండి మేడం. ఆఫీసుదాకా మిమ్మల్ని చేర్చలేకపోయాను. మీ నామినేషన్ మట్టిలో కలిసిపోయింది. అంతా నావల్లే."

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది. సిగ్గేసింది.

కోటు జేబులో ఫోను మోగింది.

ఆమె విరగని చేత్తో కట్టును గడ్డం కిందికి లాగేసి, ఫోను చెవికి ఆనించుకుని, "చెప్పవే చెల్లీ, నీ నామినేషన్ తీసుకున్నారా?" అని అడిగింది.