నల్లా కాడ నాలుగు వంతులు

వీధి నల్లాకు రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. ఆరున్నరకు మొదలై ముప్పావు గంటలో ఆగిపోతాయి.

తెల్లారకముందే ఇటుక పెట్టి పోతే చాలు, అదే వంతు. వంతుకు రెండు బిందెలు.

హన్మకొండలోని ఆ గల్లీకి యమున అద్దెకొచ్చి రెండు నెలలు. బడి బస్సులో ఆయా పని. ఏడింటికి బస్సు వస్తుంది, ఒక్క నిమిషం కూడా ఆగదు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే ఆయాను చూసుకుంటామని బడివాళ్లు చెప్పేశారు.

ఎంత పెందలాడే లేచినా వరుసలో మొదటి నాలుగు ఇటుకలు కట్టమ్మవే. గల్లీ చివరింట్లో ఒక్కతే అద్దెకుండే ముసలామె.

"ఒక్క పాణానికి నాలుగు వంతులేందవ్వా? తానం జేస్తవా, ఈత గొడ్తవా?"

యమున గొంతు గల్లీ అంతా వినిపించేది.

కట్టమ్మ తన ఇటుకొకటి కాలితో పక్కకు నెట్టేది.

యమున బిందెలు నింపుకుని బస్సుకు పరుగెత్తేది. మిగతా మూడు వంతులు ఏమయ్యేవో చూసే తీరిక ఆమెకెక్కడిది?

"నోరున్నది గాబట్టే నీళ్లు దొరుకుతానయ్," అనేది మొగుడు రమాకాంత్‌తో.

అన్నదే గానీ, అట్లా అరవడం ఆమెకూ ఇష్టం లేదు. ఎవరితో మాటా మాటా లేకుండా, జర నిమ్మళంగా రెండు బిందెలు పట్టుకుంటే చాలు. ఆమె ఇంకేమీ కోరలేదు.

ఒకరోజు యమునకు ఓపిక నశించింది. కట్టమ్మ ఇటుకలు నాలుగూ తీసి పక్కనున్న మురుగు మోరీలో పడేసింది.

"ముసల్దానితోని ఎందుకే నీకు?" అంది పక్కింటి సుగుణ.

"ఇంటికొక్కటే వంతు. నాకైనా, ఆమెకైనా."

కట్టమ్మ వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. మళ్లీ నల్లా దగ్గరికి రాలేదు.

తర్వాతి నీళ్ల రోజు యమునది ఆరో వంతు. ఎప్పటిలాగే అరిచింది. ఎవరూ జరగలేదు.

"నీకొక్కదానికేనా పని? మాకు లేదా? కట్టమ్మవ్వ ఉన్నన్నాళ్లు నాకూ ఒక వంతిస్తుండె," అంది వరుసలో ముందున్న లావణ్య.

బిందెలు తోసుకున్నారు. జుట్లు పట్టుకున్నారు. విడిపించేసరికి బస్సు వెళ్లిపోయింది. తొమ్మిదింటికి బడి నుంచి ఫోనొచ్చింది, రేపటి నుంచి రావద్దని.

యమున చాలాసేపు గడపలోనే కూర్చుంది. ఇన్నాళ్లూ తన నోటికి ఎవరూ భయపడలేదు. జరిగింది ఒక్క కట్టమ్మే. సిగ్గేసింది. కాళ్లు పట్టుకునైనా పిలుచుకొద్దామని లేచింది.

గల్లీ చివరింటికి తాళం వేసి ఉంది. ఇంటి యజమాని వెంకట్రాజం వాకిట్లో చెట్లకు పైపుతో నీళ్లు పెడుతున్నాడు.

"కట్టమ్మవ్వ లేదా కాకా?"

"నిన్ననే ఖాళీ చేసింది. నర్సంపేటల చెల్లె కాడికి పోయింది."

"నీళ్లకు తిప్పలైందని పోయిందా?" అడిగింది యమున.

వెంకట్రాజం పైపు కింద పెట్టాడు.

"నీళ్లకేం తిప్పల బిడ్డా, ఇంట్లనే బోరుండె, నల్లా నీళ్లు ఆమె ఒక్కనాడు గూడ ఇంటికి తేలే."