అచ్చులో అనసూర్య

"నువ్వు ఆగు బిడ్డా," అంటూ శంకరవ్వ పెద్దకోడలి చేతిలోంచి ఐరేని కుండ తీసేసుకుంది.

ధర్మపురిలో శంకరవ్వ చిన్నకొడుకు పెళ్లి. కుమ్మరి ఇంట్లో రంగులద్దిన ఈ ఐరేని కుండలను ముత్తయిదువలు నెత్తిన పెట్టుకుని, డప్పులతో పెళ్లింటికి తేవాలి. ఇంటి పెద్దకోడలు ముందు నడవాలి. అనసూర్య ఆ ఇంటి పెద్దకోడలు. అయినా ఆమె కుండ ఎవరో దూరపు చుట్టం నెత్తికెక్కింది.

"ఎందుకత్తమ్మా?"

"ఎందుకని నన్నడుగుతున్నవా? కరీంనగర్ల నీ పేరు మీద లవ్వు పుస్తకాలు అమ్ముతున్నరట. నలుగురు నవ్వవట్టిరి. నా కొడుకు దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకున్నది గిందుకేనానే? పెండ్లయిన ఆడిది రాసే రాతలేనా అవి?"

అనసూర్య ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు చివర పట్టుకుని నిలబడింది.

ఆమె భర్త లక్ష్మీరాజం కరీంనగర్ బడిలో తెలుగు పంతులు. పందిరి గుంజ దగ్గర నిలబడి అంతా విన్నాడు. సిగ్గుతో ఆయన ముఖం నల్లబడింది. "ఊకో అవ్వా," అని కూడా అనలేక, చెప్పులేసుకుని గోదారి వైపు వెళ్లిపోయాడు. బంగారమసుంటి మనిషికి ఎంత తలవంపు తెచ్చిపెట్టింది అని చుట్టాలంతా ఆయన మీదే జాలిపడ్డారు.

పందొమ్మిది వందల అరవై ఆరులో అనసూర్య పేరంటే మామూలు పేరా! ఆమె సీరియల్ వచ్చే వారపత్రిక బస్టాండులో మధ్యాహ్నానికల్లా అయిపోయేది. ఆడపిల్లలు దాన్ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివేవారు. తల్లులు తిట్టి, లాక్కుని, తాము చదివేవారు. చదివినవాళ్లే మళ్లీ బావి దగ్గర అనసూర్య కనబడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఇక లక్ష్మీరాజం సంగతి చెప్పనే అక్కర్లేదు. బడిలో ఏ పిల్లవాడి దగ్గరైనా అనసూర్య నవల దొరికితే వాడి వీపు చిట్లేది.

పక్కింటి ఎల్లక్క ఒక్కతే మనసులో మాట దాచుకోకుండా అడిగేది.

"గీ వారం మస్తుగున్నదే అనసూర్యా. గోదారి గట్టు మీద గాయన చెయ్యి పట్టుకున్నంక పిల్ల ఏం చేస్తదే?"

"ఏం చేస్తే బాగుంటదక్కా?"

"కడుపుల పెట్టుకొని నన్నే అడుగుతవు. కిలాడివే నువ్వు."

అనసూర్య నవ్వి బొక్కెన బావిలోకి వదిలేది.

పెళ్లి నుంచి తిరిగొచ్చాక ఇంట్లో మాటలు తగ్గాయి. లక్ష్మీరాజం ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాడు. ఎండాకాలం సెలవుల్లో కూడా దిద్దుతూనే ఉంటాడని, పంతులు కష్టజీవి అని వాడకట్టంతా మెచ్చుకునేది. అనసూర్య చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

"ఇగ బంద్ చేద్దామయ్యా. రేపు ఆడబిడ్డ పెండ్లిల గూడ నన్ను గిట్లనే ఆపుతరు."

"గింతమంది చదువుతుంటే ఎట్ల బంద్ చేస్తం?" అన్నాడాయన, కళ్లెత్తకుండానే. "నాకు మాత్రం సిగ్గు లేదా? బడిల తలెత్తలేకపోతున్న."

"మరి నా సంగతి?"

సిరా మరకల వేళ్లతో ఆయన గ్లాసు అందుకున్నాడు.

ఆ సాయంత్రం గ్రంథాలయ కార్యదర్శి అంబదాస్ వచ్చాడు.

"పంతులూ, అనసూర్యమ్మకు సన్మానం పెడుతున్నం. కలెక్టరు భార్య వచ్చి శాలువా కప్పుతది. ఒక్కపారి శాలువా పడ్డదంటే, మాటలన్నోళ్లే దండం పెడుతరు. మీ అవ్వను గూడ తోలుకరా."

లక్ష్మీరాజం పరేషాన్ అయ్యాడు. "ఆమెకు నలుగుర్ల మాట్లాడ చాతగాదు."

"మాట్లాడకున్నా ఫికర్ లేదు. కూసుంటే చాలు."

"వస్తమన్నా," అంది అనసూర్య తలుపు చాటు నుంచి. కుండ మళ్లీ తన నెత్తికెక్కాలంటే ఇదొక్కటే దారి అని ఆమెకు తోచింది.

సభ రోజు గ్రంథాలయంలో కాలు పెట్టే సందు లేదు. శంకరవ్వ ముందు వరుసలో ముడుచుకుని కూర్చుంది. అనసూర్య శాలువా కప్పించుకుని, అందరికీ దండం పెట్టి, తలవంచుకుంది. ఆమె తరఫున లక్ష్మీరాజం లేచాడు. చేతిలో కాగితం ఉన్నా ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. నవలలోని గోదారి గట్టు, వెన్నెల, ఆ పిల్ల పడ్డ సిగ్గు కళ్లకు కట్టినట్టు చెప్పాడు.

"పెండ్లాం పుస్తకం కంఠతా పట్టిండు సూడు. మొగడంటే గట్లుండాలె," అంది వెనక ఒకావిడ. హాలంతా చప్పట్లు కొట్టింది.

శంకరవ్వ కళ్లు ఒత్తుకుని కోడలి దగ్గరికి వచ్చింది. "నాదే తప్పు బిడ్డా. నీ ఆడబిడ్డ పెండ్లికి కుండ నువ్వే ఎత్తాలె, నువ్వే ముందు నడవాలె."

అనసూర్యకు ఏడుపొచ్చింది. అత్త అంత మెత్తగా మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు.

అంతలో కలెక్టరు భార్య తన పుస్తకం తెరిచి, కలం మూత తీసి, ఆమె ముందు పెట్టింది. "మీ నవలలంటే నాకు ప్రాణమండీ. ఒక్క సంతకం."

జనం చుట్టూ మూగారు. అనసూర్య కలం వైపు చూసింది, తర్వాత భర్త వైపు చూసింది.

"చెప్పయ్యా," అంది మెల్లగా.

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. తల్లి చూస్తోంది. అంబదాస్ చూస్తున్నాడు. తన దెబ్బలు తిన్న బడిపిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆయన నోరు మూసుకుని తల దించుకున్నాడు.

అనసూర్య కలం తీసుకుని ఎడమ బొటనవేలికి సిరా పూసుకుంది.