ఏ రాష్ట్రం కోతులు?

కోతులు బాగా తెలివిమీరిన కాలమది. కంటబడితే లాక్కుపోతాయని, వాటిని తరిమే చప్పుడు తుపాకీని అందరూ చొక్కా కింద దాచుకునేవారు. సత్తుపల్లి నుంచి నూజివీడు మామిడితోట కాపలాకు వచ్చిన ఎల్లమందకు, తన రాష్ట్రంలో తీసుకున్న తుపాకీ లైసెన్సు ఈ రాష్ట్రంలో చెల్లలేదు. ఈరోజు కొత్తది రాకపోతే కొలువు ఊడుతుంది.

"అక్కడి కోతులు వేరు, మా కోతులు వేరు. ఇక్కడ పేల్చి చూపించాల," అంది అతని దరఖాస్తు చూసిన లైసెన్సుల ఆఫీసరమ్మ.

"ఇదిగో, ఇప్పుడే చూపిస్తానమ్మా."

"లైసెన్సు లేకుండా ఎట్టా పేలుస్తావయ్యా?"

ఇంతలో కిటికీలోంచి నలభై కోతులు దూకాయి. ఒకటి 'మంజూరు' రబ్బరు స్టాంపు అందుకుని, దొరికిన కాగితం మీదల్లా టపటపా కొట్టసాగింది.

"పేల్చవయ్యా!" బల్లకింద నుంచి ఆఫీసరమ్మ కేక.

"తమరే వద్దన్నారు గదమ్మా!"

తన దరఖాస్తు మీద కూడా ముద్ర పడేదాకా ఎల్లమంద ఓపిగ్గా ఆగాడు. అప్పుడు చట్టప్రకారం పేల్చాడు.