పులుసులో పిండి ముద్ద

"పులుసులో ఉప్పెక్కువైతే గోధుమపిండి ముద్ద ఎయ్యాలట!" కోడలి ఫోన్లో వీడియోలో ఒకావిడ చెప్పిన చిట్కా విని దుర్గాంబ మూతి విరిచింది. "ముందు ఉప్పు సరిగ్గా ఎయ్యడం నేర్సుకోమను, దాని మొకం! నర్సీపట్నంలో పెళ్ళి వంటోళ్ళు నన్నడిగి పులుసు పెట్టీవోళ్ళు, తెల్సా?"

"అవునత్తయ్యా," అంటూ సత్యశ్రీ ఫోన్ ఆపేసింది.

"నా సేతి వంటలో ఎప్పుడైనా ఉప్పెక్కువైందేటే?"

"లేదత్తయ్యా."

దుర్గాంబ, తను పొద్దున పెట్టిన ఆనపకాయ పులుసు వడ్డించుకోబోయింది. గరిటెలోకి ఉడికిన పిండి ముద్ద వచ్చింది.

కోడలు తల దించుకుంది. "తీసెయ్యడం మర్సిపోయానత్తయ్యా."

"ఎన్నాళ్ళబట్టే ఈ యవ్వారం?"

"దసరా కాడ్నుంచి."

దుర్గాంబ పులుసు నాలుక మీద వేసుకుని చప్పరించింది. ఉప్పు ఎక్కువో తక్కువో తెలియలేదు.

"ఆ ఫోన్లో దానికి బుద్ధి లేదు. ముద్ద బేగి తియ్యాలని సెప్పొద్దా?" అంటూ ఉప్పు డబ్బా కోడలి వైపు తోసింది. "రేపట్నుంచి ఉప్పు నువ్వే ఎయ్యి."