చిన్నమ్మి ఆగడాలు

"ఒసే చిన్నమ్మీ! చుట్ట ఎడంపక్కని ఎట్టమంటే మళ్లీ కుడిపక్కనే ఎట్టేవేటే?"

అచ్చియ్యమ్మ మంచం మీంచి అరిచింది. వినవలసిన కోడలు పెరట్లో హాయిగా కూనిరాగం తీస్తోంది.

అచ్చియ్యమ్మకి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. మాట దక్కింది. కాలు కాస్త కుదుటపడింది. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు ఒళ్లో పడి ఉంటోంది.

ఎడంచెయ్యి అంతదూరం అందదు. చుట్ట మీది ఆశకొద్దీ కుడిచేతినే ఈడ్చింది. చుట్ట దొర్లి కింద పడింది. కోడలు వచ్చి తీసింది, తుడిచింది, మళ్లీ కుడిపక్కనే పెట్టి పోయింది.

అక్కడితో ఆగిందా? ఒకరోజు నులక గీసుకుని ఎడంచేతి వేలికి చిన్న గీత పడింది. "అమ్మో, సీము పట్టేస్తాదత్తా!" అంటూ మోచేతిదాకా గుడ్డ చుట్టేసింది. నాలుగు రోజులు విప్పలేదు. ఆ నాలుగు రోజులూ అంబలి ముంత ముందు పెట్టి తప్పుకునేదే గాని తాగించేది కాదు. మొదటిరోజు సగం చీరమీదే ఒలికింది. నాలుగోరోజు చుక్క ఒలకలేదు. ఆకలి అలాంటిది.

ఆపైన చేటెడు కందికాయలు తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఊరికే కూకుని ఏటి సేస్తావు? ఒలు."

పక్కింటి నరసమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "పచ్చవాతం మనిసి సేత పనా! ఇదేం కోడలు వొదినా!"

అచ్చియ్యమ్మ ఇక ఆగలేదు. చెరుకుతోట నుంచి కొడుకు పరదేశి రాగానే తేల్చేసింది.

"ఈ ఇంట్లో అదైనా ఉండాల, నేనైనా ఉండాల. బండి కట్టు. బుచ్చయ్యపేటలో ఆళ్లమ్మ కాడ దింపీసి రా."

పరదేశి తల వంచుకుని విన్నాడు. పెళ్లాం వైపు ఒకసారి చూశాడు. వీధిలోకి వెళ్లి ఎడ్లని కట్టసాగాడు.

అచ్చియ్యమ్మ కడుపు చల్లబడింది.

చిన్నమ్మి ఏడవలేదు. కాళ్లమీద పడలేదు. బట్టల మూట చంకన పెట్టుకుని వచ్చి, మంచం మీద అత్త ఎదురుగా తీరిగ్గా కూర్చుంది.

"పోతన్నాను గానీ అత్తా, ఒక్క మాట. మీ చీడికాడోళ్లకి సేపల పులుసు ఎట్టడం రాదు. నిన్నని ఏం లాబం? మీయమ్మకే రాదు."

పుట్టింటిని! అందులోనూ, పోయి పదేళ్లయిన తల్లిని!

అచ్చియ్యమ్మకి ఒళ్లు తెలియలేదు. చెంప ఛెళ్లుమంది.

బుగ్గ పట్టుకుని వీధిలోకి పరుగెత్తిన చిన్నమ్మి, ఏడుస్తూ నవ్వుతూ, "మావా, బండి బుచ్చయ్యపేటకి కాదు, అనకాపల్లి తోలు, అత్తకి ఉడుకెక్కించైనా సరే ఆ కుడిసెయ్యి వాడించమన్న డాక్టరు బాబుకి సూపించాల, అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి!" అంది.