జారని తొడుగులు

“అన్నా, ఏమనుకోకు. ఇవాళ కూడా నీ వేలి తొడుగు జారిందంటే గిటార్ సర్దుకుని దిగిపోవడమే. మళ్ళీ పిలవను,” అన్నాడు ట్రూపు మేనేజరు, వేదిక వెనక గది గుమ్మంలో నిలబడి.

స్టీల్ గిటార్ వాయించే అతను తలొంచుకుని ఊ కొట్టాడు. పక్కన కూర్చున్న అతని భార్య మాత్రం ఊరుకోలేకపోయింది.

“జ్వరం పడి లేచాక వేళ్ళు సన్నబడ్డాయండీ. కావాలని జారవిడుచుకుంటారా ఎవరైనా?”

“అవన్నీ జనానికెందుకమ్మా? పోయినసారి తొడుగు ఎగిరొచ్చి గాయని ఒళ్ళో పడింది. ఈయనేమో వంగి కుర్చీ కింద వెతుక్కుంటున్నాడు. పాటకి రాని చప్పట్లు దానికొచ్చాయి. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉంటుందో ఆలోచించండి.”

మేనేజరు వెళ్ళిపోయాడు. ఎన్నడూ ప్రోగ్రాము ముఖం చూడని ఆమె ఇవాళ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి వచ్చింది ఇందుకే. ఈ వాయిద్యం పోతే ఇంట్లో మిగిలే మనిషి ఎలా ఉంటాడో ఆ జ్వరం రోజుల్లోనే చూసేసింది. గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూ ఉండేవాడు.

ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే గిటార్ అది. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేతి వేళ్ళకి తగిలించుకున్న రేకు తొడుగులతో మీటాలి. తొడుగు బిగిస్తే వేలు నల్లబడుతుంది. వదులు చేస్తే తీగ తగలగానే గిర్రున తిరుగుతుంది. పట్టుకారుతో నొక్కీ నొక్కీ ఒకదాని అంచు చీలిపోయింది కూడా.

“లోపల ప్లాస్టరు ముక్క అంటిస్తే?” అందామె.

“చూశాను. చెమట పట్టగానే ప్లాస్టరుతో సహా ఊడొస్తుంది.”

“వేలు తడి చేసుకుంటే?”

“తడా? మొదటి పాట సగం కాకముందే ఆరిపోతుంది. వదిలెయ్యవే. నా వేళ్ళే నన్ను వద్దంటుంటే మేనేజరుని అని ఏం లాభం?”

ఆమె సంచిలోంచి దారపు ఉండ, మైనం ముద్ద తీసింది. మందపాటి గుడ్డ కుట్టేటప్పుడు దారం జారకుండా దానికి మైనం పట్టిస్తుంది. మైనాన్ని అరచేతుల మధ్య వేడెక్కేదాకా నలిపి, దారాన్ని అందులోంచి లాగింది. అతని చూపుడువేలు పట్టుకుని, గోరు కిందుగా చుట్టడం మొదలుపెట్టింది.

“ఏంటిది? నా వేళ్ళకి కాజాలు కుడతావా?”

“కుడితే ఊడవుగా. చెయ్యి కదల్చకండి.”

“ఇన్నేళ్ళ కాపురంలో ఇంత గట్టిగా ఎప్పుడూ కట్టెయ్యలేదు నన్ను.”

“ముందే కట్టేసుంటే ఈ గిటార్ వెంట పడేవారు కాదు.”

అతను నవ్వాడు. దారం చుట్టు మీద తొడుగు ఎక్కించి లాగి చూశాడు. రాలేదు. చెయ్యి విదిలించాడు. కదల్లేదు. మిగతా వేళ్ళు కూడా పెళ్ళాం ముందుకి చాపాడు.

ప్రోగ్రాము మొదలైంది. అతని గిటార్ అతనికి వినపడేందుకు పక్కన పెట్టిన చిన్న స్పీకరు పెట్టె వెనక, తెర చాటున ముక్కాలిపీట వేసుకుని కూర్చుందామె. మొదటి పాటలో ఆమె కళ్ళు వేళ్ళ మీంచి కదల్లేదు. రెండో పాట వడివడిగా సాగింది. మధ్యలో ఒక తొడుగు కాస్త పక్కకి ఒరిగితే ఆమె పీట మీంచి సగం లేచింది. అతను బొటనవేలితో దాన్ని సరిచేసుకుని ఒక్క మీటు కూడా పోనివ్వకుండా వాయించాడు. మూడోది నెమ్మది పాట. చివర్లో అతను కడ్డీని కింది నుంచి పైదాకా జరిపి, స్వరాన్ని ఎంత పల్చగా సాగదీశాడంటే, ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టే వినిపించింది. హాలంతా చప్పట్లు. ఆమెకి కళ్ళు నిండిపోయాయి.

అయ్యాక మేనేజరు వచ్చి అతని భుజం తట్టాడు.

“చూశావా అన్నా, ఎంత నిండుగా ఉందో! ఒక్కటి కూడా పడలేదు. వచ్చే ప్రోగ్రాముకి ఇలాగే రా.”

దారం విప్పుతుంటే వేళ్ళ చుట్టూ ఎర్రటి గాడి పడి, చూపుడువేలి కొస దగ్గర నెత్తురు చిప్పిల్లింది. “నొప్పిగా ఉందా?” అంటే చిన్నపిల్లాడిలా అడ్డంగా తల ఊపాడు. “ఇంకో పదేళ్ళు వాయిస్తానే,” అంటూ గిటార్ పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆమె హాలు చివర మైకులు, స్పీకర్లు చూసుకునే అతని దగ్గర ఆగింది.

“తమ్ముడూ, ఇవాళ్టిది రికార్డు చేశావుగా? ఆ మూడో పాట చివర ఒక్కసారి వినిపించవూ. హాల్లో కూర్చున్నవాళ్ళకి మా ఆయన ఎలా వినపడ్డారో నాకూ వినాలనుంది.”

అతను వైర్లు చుట్టడం ఆపాడు. “ఇప్పుడెందుకక్కా, పొద్దుపోతోంది,” అన్నాడు. ఆమె కదలకపోయేసరికి తన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఆమెకిచ్చాడు.

ఆమె కళ్ళు మూసుకుని వింది. గిటార్ తియ్యగా, నున్నగా వినిపించింది. చివరికొచ్చింది. స్వరం సాగలేదు. టక్కున ఆగిపోయింది.

“ఇది ఇంకో రోజుది పెట్టావు తమ్ముడూ.”

“ఇవాళ్టిదే.”

“కాదు. చివర్లో ఆయన ఎంతసేపు సాగదీశారో నా చెవులతో విన్నాను.”

అతను ఆమె ముఖంలోకి చూడలేక, చేతిలోని వైరు వైపు చూస్తూ అన్నాడు:

“నువ్వు ఆయన పక్కనున్న పెట్టెలోంచి విన్నావక్కా. ఆ జ్వరానికి చాలా ముందునుంచే అన్నయ్య గిటార్‌ని హాలు స్పీకర్లలోకి వదలడం లేదు. జనానికి వినపడేది కీబోర్డాయన వాయించే గిటార్. అన్నయ్యని ఉత్తినే జనం చూడ్డానికి కూర్చోబెడుతున్నారు.”